స్ట్రేంజర్ థింగ్స్ సంగతి అడిగావు కదా, అక్కా

డులూత్, జార్జియా
18 జనవరి 2026

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మేమంతా క్షేమం. పండుగ రోజు ఫోనులో నువ్వు అడిగినదానికి "తర్వాత చెబుతానులే" అని దాటవేశాను గానీ, అది పిండివంటల హడావిడిలో అవునని, కాదని తేల్చే ప్రశ్న కాదు. స్కూల్లో స్నేహితురాళ్లంతా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చే "స్ట్రేంజర్ థింగ్స్" సిరీస్ చూసేశారని, తానొక్కతే మిగిలిపోయానని పాప రోజూ గొడవ చేస్తోందన్నావు. పదమూడేళ్ల పిల్లకు చూపించవచ్చా అన్నావు. మావాడి పక్కన కూర్చుని అయిదు సీజన్లూ, అంటే నలభై రెండు ఎపిసోడ్లూ చూసినదాన్ని కాబట్టి ఈ ఆదివారం తీరిక చేసుకుని రాస్తున్నాను.

ముందు రేటింగ్ సంగతి చెబుతాను, ఎందుకంటే బావగారు మొదట అడిగేది అదే. ఇక్కడ దీనికి టీవీ-14 అని వేశారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు తగని విషయాలు ఉండవచ్చునని, పెద్దలు గమనించుకోవాలని దాని అర్థం. ఈ గుర్తులు వేసేది ప్రభుత్వం కాదు, ప్రసారం చేసే సంస్థలే వేసుకుంటాయి. 1997 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. మన దేశంలో 2021 నియమాలు వచ్చాక ఓటీటీలో యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని అయిదు తరగతులు పెట్టారు కదా, టైటిల్ పక్కన మీకు ఏ అంకె కనిపిస్తుందో ఒకసారి చూడు. అయితే ఆ అంకె ఏదైనా, సిరీస్ మొత్తానికి అదొక్కటే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2016లో మొదటి సీజన్ వచ్చేనాటికి కథలోని మగపిల్లలు పన్నెండేళ్ల వాళ్లు, మిడిల్ స్కూలు చదువు, సైకిళ్లు, వాకీటాకీలు. 2025 డిసెంబరు 31న ఆఖరి ఎపిసోడ్ వచ్చేసరికి ఆ వేషాలు వేసినవాళ్లు ఇరవై దాటారు. వాళ్లతోపాటు కథకూ వయసు వచ్చింది, తెర మీద నెత్తురూ పెరిగింది. కాబట్టి పాపకు తగునా అని కాకుండా, ఎన్నో సీజన్ తగునని అడగాలి.

మొదటి సీజన్ కథ 1983 నవంబరులో, ఇండియానా రాష్ట్రంలో హాకిన్స్ అనే కల్పిత ఊళ్లో మొదలవుతుంది. విల్ అనే పిల్లవాడు రాత్రి సైకిల్ మీద ఇంటికి వస్తూ మాయమవుతాడు. తల్లి, స్నేహితులు, పోలీసు అధికారి ఎవరి దారిన వాళ్లు వెతుకుతారు. ఈ ఎనిమిది ఎపిసోడ్లలో రాక్షసి సరిగా కనిపించేది తక్కువ. దీపాలు మినుకుమినుకుమంటాయి, ఫోనులో గరగర వినిపిస్తుంది, గోడ ఉబ్బుతుంది. భయమంతా కనిపించనిదాని మీదే నిలబెట్టారు. మావాడు పదకొండేళ్లప్పుడు, నాకు చెప్పకుండా, స్నేహితుడి ఇంట్లో మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి వచ్చాడు. ఆ ఏడు దీపావళికి మేము వరండాకు కట్టిన రంగుల బల్బుల తీగ ఎక్కడో లూజై ఆరి వెలగడం మొదలుపెడితే, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి ప్లగ్గు పీకేసి వచ్చాడు. సిరీసులో ఆ తల్లి గోడ మీద అక్షరాలు రాసి, ఒక్కో అక్షరానికి ఒక్కో బల్బు వేలాడదీసి, కనిపించని కొడుకుతో మాట్లాడుతుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. ఆ రాత్రి పడుకోబోతూ, "నేను కనబడకపోతే నువ్వు కూడా అలా గోడ మీద రాస్తావా అమ్మా?" అని అడిగాడు. వాడికి పట్టుకున్నది రాక్షసి భయం కాదని నాకు అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచే వాడితో కలిసి మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాను.

అందుకే మన పాప విషయంలో నన్ను వెనక్కి లాగుతున్నది బూతులో, బీరు సీసాలో కాదు. అవి ఉన్నాయి, పెద్దవాళ్లు సిగరెట్లు తెగ కాలుస్తారు, రెండో ఎపిసోడ్‌లో ఒక పార్టీ ఉంది, కాలేజీకి వెళ్లే ఈడుకు దగ్గరపడిన అమ్మాయి ఒకతె స్నేహితురాలిని కింద వదిలి అబ్బాయితో మేడ మీదికి వెళుతుంది. మన సినిమా పాటల్లో పాప అంతకన్నా ఎక్కువే చూసి ఉంటుంది. అయితే కింద ఒంటరిగా మిగిలిన ఆ స్నేహితురాలు ఆ రాత్రే పోతుంది, ఆ అమ్మాయి "నేను వదిలేసి వెళ్లబట్టే" అని కుమిలిపోతుంది. నేనైతే ముద్దు సన్నివేశం వచ్చినప్పుడు రిమోట్ వెతుక్కోను గానీ, ఈ కుమిలిపోవడం వచ్చినప్పుడు మాత్రం పాప ముఖం వైపు చూస్తాను.

ఎందుకో నీకు వేరే చెప్పనక్కరలేదు. నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు, సంవత్సరీకం శ్రావణంలో కదా. తాతయ్య పడక్కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదని, ఆ సాయంత్రం తాతయ్య పిలిస్తే ఫోను చూసుకుంటూ పలకలేదని ఇప్పటికీ రాత్రిళ్లు ఏడుస్తోందని నువ్వే చెప్పావు. అలాంటి పిల్ల కళ్లతో మూడో ఎపిసోడ్ ముగింపు ఊహించుకో. క్వారీ నీళ్లలోంచి విల్ శవాన్ని పైకి తీస్తారు, స్నేహితులు దూరం నుంచి చూసి ఏడుస్తారు, తెర నల్లబడుతుంది. అక్కడితో ఆపేసి పడుకోబెడితే పిల్లకు నిద్ర పట్టదు. నాలుగో ఎపిసోడ్ చివర పోలీసు అధికారి ఆ శవాన్ని కోసి చూస్తే లోపల దూది ఉంటుంది, అది బొమ్మ. సస్పెన్స్ తీసేవాళ్ల కిటుకంతా ఎక్కడ ఆపాలన్నదాంట్లోనే ఉంటుంది. పిల్లలకు చూపించే మనం ఎపిసోడ్ అయిపోయింది కదా అని వాళ్లు ఆపిన చోటే ఆపకూడదు. మూడు, నాలుగు ఎపిసోడ్లు రెండూ ఒకే పూట, పగలే, వరసగా చూపించాలి. రెండూ కలిపి రెండు గంటలు దాటవు.

ఆ బొమ్మ సంగతి కూడా ముందుగానే చెప్పేయమంటాను. సస్పెన్స్ పోయిందని అలిగితే అలగనీ. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఊరంతా కర్మకాండ జరిపించేసినా, "నా కొడుకు బతికే ఉన్నాడు" అన్న తల్లి మాటే చివరికి నిజమవుతుంది. తాతయ్య కుర్చీని కాపలా కాస్తున్న పిల్లకు ఆ కథ ఓదార్పు అవుతుందో, లేనిపోని ఆశ అవుతుందో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. మన వీధిలో ఓల్టేజీ ఆడినప్పుడల్లా దీపాల వైపు చూస్తూ కూర్చుంటుందేమో నువ్వే కనిపెట్టాలి. ఆరో ఎపిసోడ్‌లో మైక్ అనే పిల్లవాడు స్నేహితుణ్ణి కాపాడడానికి కొండ అంచు నుంచి దూకేస్తాడు, మానసిక శక్తులున్న అమ్మాయి గాలిలోనే ఆపి బతికిస్తుంది. అక్కడ కూడా ఒక మాట మాట్లాడాలి, లేకపోతే అది గొప్ప త్యాగంలా మనసులో ఉండిపోతుంది.

ఆ క్వారీని మేము చూశాము. అట్లాంటాలో బెల్‌వుడ్ క్వారీ అది, ఇప్పుడు ఊరికి తాగునీటి జలాశయం, చుట్టూ పార్కు చేశారు. మావాడు కంచె పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంతేనా" అన్నాడు. మూడో సీజన్‌లో 1985 జులై నాలుగు స్వాతంత్ర్య దిన సంబరాలప్పుడు అంతా తగలబడిపోయే పెద్ద మాల్ కూడా మా డులూత్‌లోదే, గ్విన్నెట్ ప్లేస్ మాల్. చాలా దుకాణాలు అప్పటికే మూతబడిన భవనానికి రంగులు వేసి తీశారు. కూరగాయలకు వెళ్లేటప్పుడు దాని పక్క నుంచే వెళతాము. ఇవి చూశాక వాడికి భయం చాలా తగ్గింది. పాపకు ఫొటోలు పంపిస్తాను, చూడడం మొదలుపెట్టేముందు చూపించు.

రెండు, మూడు సీజన్ల గురించి ఎక్కువ రాయను. రెండో దాంట్లో అందరికీ నచ్చే మంచి మనిషి ఒకాయనను జంతువులు చీల్చేస్తాయి. మూడో దాంట్లో మనుషులు, ఎలుకలు కరిగి ముద్దలవుతారు. అది భయం కన్నా అసహ్యం. అన్నం తింటూ చూడకపోతే చాలు.

నాలుగో సీజన్ మాత్రం ఇప్పుడు వద్దు. ఈ మాట మాత్రం గట్టిగానే చెబుతున్నాను. 2022లో అది విడుదలయ్యే వారంలోనే టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలో కాల్పులు జరిగి పిల్లలు చనిపోయారు. మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే ఒక ప్రయోగశాలలో పిల్లల శవాలు కనిపిస్తాయి కాబట్టి, నెట్‌ఫ్లిక్స్ అమెరికా ప్రేక్షకుల కోసం ముందుగా ఒక హెచ్చరిక చేర్చింది. ఆ తర్వాత ఒక అమ్మాయిని గాలిలోకి లేపి, కాళ్లూ చేతులూ ఒక్కొక్కటిగా విరిచేయడం దాచకుండా చూపిస్తారు. మొదటి సీజన్ చీకట్లో దాచి భయపెడితే, ఇది దీపం పెట్టి మరీ చూపిస్తుంది. అయినా నేను వద్దంటున్నది ఎముకలు విరిగే చప్పుడు కోసం కాదు. వెక్నా అనే ఆ విలన్ ఎవరిని ఎంచుకుంటాడో తెలుసా? ఎవరికీ చెప్పుకోలేని అపరాధ భావంతో నలిగిపోయే పిల్లలను. మాక్స్ అనే అమ్మాయి తన సవతి అన్న కళ్లముందే చనిపోయాడని, తాను కాపాడలేదని లోలోపల కుళ్లిపోతూ ఉంటుంది. వెక్నా గొంతు వచ్చి ఆ మాటే ఆమె చెవిలో చెబుతుంది. తాను పోతానని తెలిసి అందరికీ ఉత్తరాలు రాసి పెడుతుంది. స్నేహితులు ఆమెకు ఇష్టమైన పాట పెట్టి వెనక్కి లాగే సన్నివేశం ఎంత బాగుంటుందంటే, మావాడితోపాటు నేనూ ఏడ్చాను. పదిహేనేళ్ల వాడికి అది ధైర్యం ఇచ్చింది. కానీ తాతయ్య పిలిస్తే పలకలేదని ఏడుస్తున్న పిల్ల ఈ ఏడాది ఆ గొంతు వినకూడదు.

అయిదో సీజన్‌లో పసిపిల్లలను ఎత్తుకుపోవడం ఉంది. దాని మాట నాలుగోది చూసే రోజు వచ్చినప్పుడు ఆలోచిద్దాము.

ఇక చేయవలసిన పని. పాపకు వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టించు. తర్వాతి ఎపిసోడ్ తానంతట తాను మొదలుకాకుండా సెట్టింగ్ మార్చమని పెద్దవాడితో చెప్పు. తాళం టైటిల్ మొత్తానికే పడుతుంది, మొదటి సీజన్ వదిలి నాలుగోదానికి వేయడం కుదరదు కాబట్టి, అక్కడ మీ మాటే తాళం. పరీక్షలు అయ్యాక వేసవి సెలవుల్లో మొదలుపెట్టండి. తెలుగు డబ్బింగ్ ఉంది కాబట్టి నువ్వు కూడా ఇబ్బంది లేకుండా చూడవచ్చు. వంటింట్లోంచి వింటూ చూడడం లెక్కలోకి రాదు, పక్కన కూర్చోవాలి. నాలుగోది ఎందుకు వద్దంటున్నారని అడిగితే, చిన్నపిల్లవని చెప్పకు, ఒప్పుకోదు. పిన్ని వద్దంది అని నా మీద వేసేయి.

మూడు, నాలుగు ఎపిసోడ్లు చూసే రోజు ముందుగా నాకు చెప్పు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టినా మీకు ఆరింటికి అయిపోతాయి, వేసవిలో నాకప్పటికి ఉదయం ఎనిమిదిన్నర. ఆ రోజు సెలవు పెట్టుకుంటాను. నీతో చెప్పనిది ఏదైనా నాతో చెప్పాలనిపిస్తే ఫోను దానికే ఇచ్చి, నువ్వు కాసేపు వీధి అరుగు మీద కూర్చో.

నీ చెల్లెలు