బొమ్మలు ఇంటికి ఎందుకు రాలేదంటే

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరు, ఏడు తరగతుల పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈమధ్య నన్ను ఒక మాట అడుగుతున్నారు. బడి తెరిచి ఇన్నాళ్ళయింది, డ్రాయింగ్ పీరియడ్ వారం వారం జరుగుతూనే ఉంది, మరి మావాడు ఒక్క బొమ్మయినా ఇంటికి తేలేదేమండీ అని. అడగడం న్యాయమే. ఈ ఏడాది వాటర్ కలర్ నేర్పే పద్ధతిని కావాలనే మార్చాం. ఎందుకు మార్చామో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ పిల్లలు ఇప్పటిదాకా ముఖ్యంగా నేర్చుకున్నది కాగితాన్ని సిద్ధం చేయడం. పల్చటి డ్రాయింగ్ షీటు మీద తడి రంగు పడగానే అది ఉబ్బుతుంది, రంగంతా గుంటల్లోకి చేరుతుంది. అందుకే కాగితాన్ని ముందే నీళ్ళతో తడిపి, చెక్క పలక మీద పరిచి, నాలుగంచులా జిగురు టేపు అంటించి ఆరనివ్వాలి. ఆరేకొద్దీ అది బిగుసుకుంటుంది. ఆ తర్వాత తడి పడినా పెద్దగా కదలదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితానికి ఈ అవస్థ తక్కువే గానీ, నేర్చుకునే దశలో అంత ఖరీదు పెట్టనక్కర్లేదు. మనది సముద్రం ఒడ్డున ఊరు. గాలిలో తేమకి, వానల రోజుల్లో మరీనూ, కాగితం మర్నాటికి గానీ పూర్తిగా ఆరదు. మొదట్లో పిల్లలు దాన్ని వేలితో నొక్కి చూసేవారు, ఫ్యాను కిందికి లాక్కెళ్ళేవారు. ఇప్పుడు టేపు వేసి పక్కన పెట్టి వేరే పనిలో పడుతున్నారు. ఈ మార్పు చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ తర్వాత రంగులు కలపడం. సముద్రం అనగానే పిల్లల చెయ్యి నీలం బిళ్ళ మీదకే పోతుంది. అందుకని డ్రాయింగ్ మాస్టారు వాళ్ళను ఒక ఉదయం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి, బొమ్మ వేయొద్దు, కనిపించిన రంగులతో గళ్ళు మాత్రమే నింపండి అన్నారు. ఒడ్డున విరిగే అల ఇసక కలిసి టీ రంగులో ఉంది. కాస్త లోపల పాచి పచ్చ. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు బూడిద రంగు. తడి మీద కనిపించిన రంగు ఆరాక పలచబడుతుంది కాబట్టి, ప్రతి గడీ ఆరేదాకా ఆగి, ఏ రంగు ఎంత కలిపారో, నీళ్ళెన్ని పోశారో పక్కనే రాసుకున్నారు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. నురగ ఎక్కడ రావాలో ముందే అనుకుని ఆ చోటు వదిలేయాలి. రంగు పడ్డాక తెలుపును వెనక్కి తేవడం చాలా కష్టం. ఆలోచన ముందు, బ్రష్ తర్వాత అని మాస్టారు పదేపదే చెప్పేది ఇందుకే.

కళ్ళాపి చల్లకుండా వాకిట్లో మనమెవరం ముగ్గు పెట్టం. చేతిపనుల వాళ్ళ దగ్గరా ఇదే వరస. మనకు దగ్గర్లోని ఏటికొప్పాకలో కొయ్యబొమ్మలు చేసేవాళ్ళు అంకుడు కర్రను బాగా ఆరనిచ్చాకే లేత్ మిషన్ మీదికి ఎక్కిస్తారు, పచ్చి కర్రయితే తర్వాత పగులుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలు మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీలోనూ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాకే కలం పడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళే అక్కడ నల్ల రంగు, గుడ్డలోని కరక్కాయ వగరు తగిలి నల్లగా తేలతాయి. బొమ్మ మొదలయ్యే ముందే అంత పని ఉంటుంది. పిల్లలకు ఈ సంగతులన్నీ చెప్పాం, వాళ్ళు ఎంతో శ్రద్ధగా విన్నారు.

ఇంటి దగ్గర మీ సాయం కూడా కావాలి. ఇరవై నాలుగు రంగుల పెట్టె దయచేసి కొనొద్దు. అన్నీ సిద్ధంగా ఉంటే పిల్లలు కలపడం నేర్చుకోరు. ఎరుపు, పసుపు, నీలం, ఒక మంచి గుండ్రటి బ్రష్ చాలు. బ్రష్‌ను నీళ్ళ గ్లాసులో తలకిందులుగా వదిలేస్తే మొన వంగిపోతుంది, కడిగి పడుకోబెట్టమని గుర్తుచేయండి. పిల్లల బొమ్మను మీరు దిద్దకండి, పక్కింటి పాప బొమ్మతో పోల్చకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో బొమ్మల ఫోటోలు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎవరిది బాగుందనే మాట మొదలైతే, నెమ్మదిగా నేర్చుకునే బిడ్డ బ్రష్ పక్కన పెట్టేస్తుంది. ఈరోజు ఏ బొమ్మ వేశావని కాకుండా ఏ రంగు కలిపావని అడగండి, బోలెడు కబుర్లు చెబుతారు.

పిల్లల మొదటి పూర్తి బొమ్మ దసరా సెలవుల తర్వాత ఉంటుంది. ఏం వేయాలో వాళ్ళే ఎంచుకుంటారు. ఈలోగా వెడల్పు మూతి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు, ఉతికిన పాత నూలు గుడ్డ ముక్కలు పంపగలిగితే మాకు ఎంతో ఉపయోగం. ఒక్కొక్కరికి రెండు డబ్బాలు కావాలి, ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగులో కలిపే శుభ్రమైన నీళ్ళకు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం