మెరిసే రంగు కింద రేకు పని

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా పాత మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ పెట్టిన వేగపు కార్ల) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే విడిభాగాలన్నీ ఇంటికే వస్తాయని, డబ్బు, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా గ్యారేజీలో పాత కారును కొత్తగా చేసుకోవచ్చని రాశారు. ఆరేళ్లుగా అదే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ మాటను దాటి పోలేకపోయాను.

నేను ఉండేది మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో. పుట్టి పెరిగింది విజయవాడ. మా గ్యారేజీలో ఉన్నది 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్. కర్మాగారంలో దాని మీద కొట్టిన నంబరు 7ఎఫ్01ఎస్ అని మొదలవుతుంది. 7 అంటే 1967, ఎఫ్ అంటే మా ఇంటికి అరగంట దూరంలోని డియర్‌బార్న్ కర్మాగారం, 01 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్న కారు), ఎస్ అంటే 390 ఘనపు అంగుళాల ఇంజిన్. మస్టాంగ్‌లో అంత పెద్ద ఇంజిన్ పెట్టడం ఆ ఏడాది నమూనాతోనే మొదలైంది. చిన్న ఇంజిన్ కారుకు పెద్దది బిగించి అసలుదని అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి కొనేముందు నంబరులోని ఈ మొదటి అయిదు గుర్తులూ చూసుకోవాలి. నేను చూసుకున్నాను. సరిగా చూసుకోనిది తుప్పు.

ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందనే సుమారు 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. ఉప్పు, మంచు నీరు కలిసి అడుగు రేకును కింది నుంచి తింటాయి. మస్టాంగ్‌కు పై నుంచి కూడా ఒక శత్రువు ఉంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. దాని కింది గూటికి లోపల సరైన రంగు పూత ఉండేది కాదు. ఆకులు చేరి, తడి నిలిచి, ఆ గూడు పుచ్చిపోతుంది. విప్పి చూడకపోతే అది కంటికి కనిపించదు.

కొన్న వారానికి నాన్నగారికి వీడియో కాల్‌లో కారు చూపించాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు టింకరింగ్ చేసిన మేస్త్రి. ఇంజిన్ గురించి, రంగు గురించి ఒక్క మాటా అడగలేదు. "అద్దం కింద చెంబెడు నీళ్లు పొయ్యి. లోపల ఎక్కడ కారుతుందో చూడు" అన్నారు. పోశాను. రెండు నిమిషాల్లో డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట చుక్కలు పడటం మొదలైంది. ఆయన అప్పటికి మస్టాంగ్‌ను ఎన్నడూ చూసి ఉండలేదు. అద్దం కింద చెత్త చేరే కారు ఏదైనా అక్కడే పుచ్చుతుందని ఆయన అనుభవం.

ఆ రోజు ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. "ముందు గుమ్మాలు కట్టుకో, తర్వాతే నేల కొయ్యి" అన్నారు. నేను దాన్ని సరిగా పట్టించుకోలేదు. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, ఉండదు. నేల రేకు, తలుపుల కింది పక్క దిమ్మెలు, పైకప్పు కలిసే బరువు మోస్తాయి. నేను ఒకే శని, ఆదివారాల్లో రెండు వైపులా పుచ్చిన నేల కోసేశాను. కొత్త రేకులు వేసి వెల్డింగ్ పూర్తి చేసి తలుపు మూస్తే గొళ్లెం పడలేదు. వెనక అంచు దగ్గర సందు పైన మూసుకుపోయింది, కింద వేలు పట్టేంత తెరుచుకుంది. కారు నడుము కిందికి జారింది. వేసిన అతుకులన్నీ మళ్లీ డ్రిల్లుతో ఒక్కొక్కటిగా తొలిచి, కారును సమంగా లేపి, తలుపుల గుమ్మాలకు అడ్డంగా ఇనుప గొట్టాలు బిగించి, మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కొలతలూ ఒకటయ్యేవరకు సరిచేసుకుంటూ పోయాను. ఒక చలికాలం అంతా దానికే సరిపోయింది.

నాన్నగారికి ఆ సంగతి ఎలా తెలుసు? అంబాసిడర్‌కు కూడా విడి ఛాసిస్ లేదు. ఆయన నేల మార్చిన అంబాసిడర్లకు లెక్క లేదు. పెద్ద చదువులు చదివి, కార్ల భాగాలు తయారుచేసే సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న నేను చేసిన తప్పు, ఆటోనగర్ షెడ్డులో పదిహేనేళ్ల కుర్రవాడు కూడా చేసేవాడు కాదు. మేస్త్రి చేయనివ్వడు.

ఇంజిన్ గురించి ఎక్కువ రాయను. దానికి పుస్తకం ఉంది, కొలతలు ఉన్నాయి. ఏ సిలిండరు తర్వాత ఏది మండాలో 1-5-4-2-6-3-7-8 అని అచ్చులోనే ఉంటుంది. సీసం కలిపిన పెట్రోలు కాలం నాటిది కాబట్టి, సీసం లేని ఇప్పటి పెట్రోలుతో అరిగిపోకుండా, వాల్వులు ఆనే చోట గట్టి ఉక్కు వలయాలు వేయించాను. పుస్తకం ప్రకారం బిగిస్తే అది పలికింది. రేకుకు అలాంటి పుస్తకం లేదు. మస్టాంగ్‌కు మొత్తం బాడీ కూడా కొత్తది దొరుకుతుంది, మీ వ్యాసంలో ఆ మాట నిజమే. కానీ నేను తెప్పించిన ఏ రేకూ ఉన్నది ఉన్నట్టుగా కూర్చోలేదు. ఒకచోట కోయాలి, ఒకచోట వంచాలి, ఒకచోట సాగదీయాలి.

మూడో ఏడు వేసవిలో నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. ఎడమ వెనక చక్రం మీది రేకు నా వెల్డింగ్ వేడికి సాగిపోయి, వేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి వస్తోంది. నేను పుట్టీ పెడదామనుకున్నాను. ఆయన వద్దన్నారు. ఉబ్బు మధ్యలో పావలా బిళ్లంత చోటు గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, లోపలి నుంచి ఇనుప దిమ్మె ఆనించి, చుట్టూ సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డ అద్దారు. సుయ్యిమని ఆవిరి లేచింది. అలా ఏడు చోట్ల. తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో ముందు నుంచి వెనక్కి తడిమి, ఒకచోట ఆగి, "ఇక్కడ ఇంకా వెంట్రుకవాసి ఉంది" అన్నారు. నా చేతికి ఏమీ తగల్లేదు. ఇప్పుడిప్పుడే తగులుతోంది.

మీ వ్యాసం చదివి ఇక్కడ ఈ పని మొదలుపెట్టాలనుకునే మన పిల్లలకు ఒక మాట. మిషిగన్‌లో కార్లకు క్రమం తప్పకుండా జరిగే తనిఖీ ఏదీ లేదు. బ్రేకులు పడతాయా లేదా అన్నది పూర్తిగా మన బాధ్యతే. పాత బ్రేకు బద్దల దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి శుభ్రం చేయకండి. పైకప్పు అతుకుల్లో కర్మాగారంలో నింపిన సీసం ఉంటుంది, దాన్ని అరగదీసిన బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోకండి. చలికని గ్యారేజీ తలుపు మూసి ఇంజిన్ నడపకండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరకండి.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఊరికి వచ్చినప్పుడల్లా ఆటోనగర్ వెళతాను. సొట్ట పడిన రేకును సరిచేయడం తగ్గి, తీసేసి కొత్తది బిగించడమే ఎక్కువగా కనిపిస్తోంది. చేతితో రేకు మలిచిన మేస్త్రీలు ఒక్కొక్కరే ఇంటికి చేరుతున్నారు. మన ఐటీఐల్లో షీట్ మెటల్ కోర్సు ఉంది. ఈ పెద్దలను గౌరవంగా పిలిచి, నెలకు కొన్ని రోజులైనా పిల్లలకు చేసి చూపించమంటే ఎంత బాగుంటుంది! మీరు అమెరికా కార్ల మెరుపుకు రెండు పేజీలు ఇచ్చారు. ఆ మెరుపు కింద ఉండే పనికి ఒక్క పేజీ ఇవ్వండి. సుత్తులు, దిమ్మెల ఫొటోలు వేయండి, ఏది దేనికో ఆ మేస్త్రీల మాటల్లోనే రాయండి.

నాన్నగారికి ఇప్పుడు 74 ఏళ్లు. ఆయనతో కలిసి పనిచేసిన ముగ్గురు మేస్త్రీలు ఇప్పటికీ ఆటోనగర్ చుట్టుపక్కలే ఉన్నారు. మీ విలేకరి వెళతానంటే వారి ఫోను నంబర్లు పంపిస్తాను. పొద్దున పది లోపు వెళ్లమనండి, తర్వాత షెడ్డులో చప్పుడుకు మాట వినపడదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాంటన్, మిషిగన్