అడ్వెంట్ దండ సరిచేసిన అన్నగారికి వందనాలు

అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల్లో, వారానికొకటి చొప్పున కలుపుతూ వెలిగించే నాలుగు కొవ్వొత్తుల దండను ఆరాధన అయ్యాక పేరైనా చెప్పకుండా సరిచేసి వెళ్ళిన అన్నగారికి మా సంఘస్త్రీల కృతజ్ఞతలు.

ఎండిన సరుగుడు కొమ్మలు తీసేసి, పళ్ళెంలో రెండంగుళాల తడి ఇసుక పోసి, పచ్చి కొమ్మలు అందులో గుచ్చారు. ఇసుక ఉంటే కొవ్వొత్తి ఒరగదు, కొమ్మలూ త్వరగా వాడవు. అయినా వారానికోసారి మార్చాల్సిందే, ఎండు సరుగుడు ఇట్టే అంటుకుంటుంది. ఆకుకూ మంటకూ మధ్య కనీసం నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి.

అసలు చిక్కు మొదటి కొవ్వొత్తితోనే, అది నాలుగు వారాలూ వెలుగుతుంది; నాలుగోది చివరి వారమే. రోజుకు 15 నిమిషాల కుటుంబ ప్రార్థన అనుకుంటే, 28 రోజులకు అది 7 గంటలు వెలగాలి. నాలుగోదానికి రెండు గంటలు కూడా పట్టదు. అందుకే లావుపాటిది మొదటి వారానికి పెట్టమన్నారు. ఆ మొదటిది నిరీక్షణకు గుర్తు, అదే అన్నిటికంటే ఎక్కువసేపు కరగడం మాకు నచ్చింది!

మూడో ఆదివారానికి పెట్టే గులాబీరంగు కొవ్వొత్తి దొరక్కపోతే తెల్లదాని అడుగున గులాబీ రిబ్బన్ చాలట. ఫ్యాన్ మాత్రం ఆపాలి, లేదంటే మైనం ఒకవైపే కారుతుంది.

మీ కత్తెర వెస్ట్రీలో (చర్చి పక్కగదిలో) ఉంది, వచ్చి తీసుకోండి.