చెరువు అడుగున ఏం జరుగుతోందో ముందు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలోని చెరువుల గురించి మీరు వేస్తున్న వార్తలన్నీ చదువుతున్నాను. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) హద్దులు, కబ్జాలు, పూడికతీత, వాకింగ్ ట్రాకులు అన్నీ వస్తున్నాయి గానీ, చెరువు నీళ్లు కిందికి ఇంకుతున్నాయా, లేక కింది నుంచి ఊటే పైకి వస్తోందా అన్నది ఎవరూ అడగడం లేదు. మా కాలనీలో ఎవరిని కదిపినా "చెరువు నిండితే మన బోర్లకు ఢోకా లేదు" అంటారు. అన్ని చెరువులకూ అది వర్తించదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు, నీళ్లుండేది పైన చివికిన రాతి పొరలో, దాని కింద పగుళ్లలో. అందుకే ఒక ఇంట్లో బోరు పడి పక్కింట్లో పడదు. చెరువు అడుగూ అంతే, ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు.

మట్టం తగ్గింది కాబట్టి అంతా ఇంకిపోయిందనడం తప్పు. ఎండకు ఆవిరయ్యేది, తూము దగ్గర కారిపోయేది, నాలాల్లోంచి వచ్చి కలిసే మురుగు, అన్నీ ఆ ఒక్క మట్టంలోనే కలిసిపోతాయి.

ఇంకేదాన్ని, ఊరేదాన్ని విడిగా కొలవడానికి పెద్ద ఖర్చు కూడా లేదు. డేవిడ్ లీ అనే శాస్త్రవేత్త 1977లో వివరించిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము చివరి భాగాన్ని జానెడు ఎత్తున కోసి, బోర్లించి, అడుగు బురదలోకి దించుతారు. పైన రంధ్రానికి గొట్టం, దానికి కొలిచిన నీళ్లు పోసిన పల్చటి ప్లాస్టిక్ సంచి. కొన్ని గంటలయ్యాక సంచిలో నీళ్లు పెరిగితే ఊట వస్తున్నట్టు, తగ్గితే చెరువు ఇంకుతున్నట్టు. డ్రమ్ము వైశాల్యం దాదాపు పావు చదరపు మీటరు, కాబట్టి 10 గంటల్లో అర లీటరు తగ్గితే అక్కడ 2 మిల్లీమీటర్ల నీరు ఇంకిందని లెక్క. మురుగు చేరిన చెరువుల్లో బురదలోంచి గ్యాసు బుడగలు తెగ లేస్తాయి. అందుకని డ్రమ్మును కాస్త వాలుగా పెట్టి రంధ్రం ఎత్తు వైపు ఉండేలా చూసుకోవాలి, లేకపోతే లోపల చిక్కుకున్న గ్యాసు నీళ్లను సంచిలోకి నెట్టేస్తుంది, మనం దాన్ని ఊట అనుకుంటాం. ఒక్క డ్రమ్ముతో సరిపెట్టకూడదు. సాధారణంగా ఒడ్డు దగ్గర ఎక్కువ కదలిక ఉంటుంది, మధ్యకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం పూడికతీత. అడుగున పేరుకున్న సన్నటి బురద నీటిని ఆపుతుంది. మంచినీళ్ల చెరువులో దాన్ని తీస్తే ఇంకుడు పెరగొచ్చు, సంతోషమే. మురుగు కలిసే చెరువులో నాలాను మళ్లించకుండా బురద తీసేస్తే ఆ మురికి నీళ్లే మన బోర్లలోకి త్వరగా చేరే ప్రమాదం ఉంది. నాకు టెన్షన్ అంతా అక్కడే. చాలా ఇళ్లలో ఇప్పటికీ బోరు నీళ్లతోనే వంట, స్నానం.

ఉప్పల్‌లో 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది, ఉస్మానియాలో జియోఫిజిక్స్ విభాగం ఉంది. పూడికతీత టెండరు పిలిచే ముందు ఒకసారి, పని పూర్తయ్యాక ఒకసారి, అదీ ఎండాకాలంలోనూ వానలు తగ్గాకా విడివిడిగా కొలిపించాలని అధికారులను కోరుతున్నాను. ఆ రీడింగులను చెరువు పేరుతో సహా మీ పత్రికలో వేయండి.

- ఒక పాఠకుడు, హైదరాబాద్