పోటు వేళకి లేచే బడి: కోరంగి నుంచి ఉత్తరం

ఒరేయ్ మామా,

పండక్కి ఊరు రాలేదేమని మా అమ్మని అడిగావట. ఫోన్లో చెబుదామంటే పడవ మడ అడవిలోకి మలుపు తిరగ్గానే సిగ్నల్ పోతుంది. సాయంత్రం క్యాంపుకి చేరేసరికి ఒళ్ళు హూనమైపోయి, అన్నం తిన్నచోటే కళ్ళు మూతలు పడతాయి. ఇవాళ అష్టమి. మధ్యాహ్నం దాకా కాలువలో నీళ్ళు ఎక్కవు, పడవ కదలదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నేను కోరంగి వచ్చి నెల దాటింది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సెక్కితే చొల్లంగి దాటాక వస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవి ఇది. 1978లో అభయారణ్యం చేశారు. సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఈ అడవిని దగ్గర్నుంచి చదవడానికి క్యాంపుకి వచ్చిన స్టూడెంట్లం పద్దెనిమిది మందిమి. బోటనీ వాళ్ళు, జువాలజీ వాళ్ళు, ఫిషరీస్ వాళ్ళు, నాలాంటి జాగ్రఫీ వాళ్ళు ఇద్దరు. ఒక డాబా, పక్కన రేకుల షెడ్డు, దాంట్లో మా మైక్రోస్కోపులూ బురద అంటిన బూట్లూ. క్లాసురూం అని వేరే ఏమీ లేదు.

ఇక్కడ టైమ్‌టేబుల్ గోడ మీద ఉంటుంది కానీ అందులో గంటలు రోజూ మారతాయి. సముద్రం నీళ్ళు ఎక్కే పోటు ఎప్పుడు, దిగే పాటు ఎప్పుడు అన్నదే మొదటి గడి. పోటు ప్రతి రోజూ నిన్నటికంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా తీస్తాయి. అష్టమి రోజుల్లో రెండూ మందమే. కాబట్టి ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారు, ఇంకోరోజు పదకొండైనా ఎవరూ పిలవరు. మొదటి వారం నాకు పిచ్చెక్కింది. ఇప్పుడు పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే వెళ్ళి కాలువ గట్టు మీద తడి గీత ఎక్కడుందో చూస్తున్నా.

మా పడవ నడిపే ఆయన్ని అందరం సరంగు బాబాయ్ అంటాం. ఈ పాయల్లోనే పుట్టి పెరిగాడు. మొదటిరోజు మాస్టారు మాకు అవిసీనియా, రైజోఫొరా, ఎక్స్‌కొయికేరియా అని పేర్లు చెబుతుంటే ఆయన వెనకనుంచి తెల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల అని చెప్పుకుంటూ వచ్చాడు. అప్పట్నుంచి నా నోట్‌బుక్కులో రెండు వరసలు గీసుకున్నా, ఆ పేరొకటి, ఈ పేరొకటి. లాటిన్ పేరు పరీక్షకి ఉపయోగపడుతుందేమో గానీ తిల్ల అన్న మాట నా కళ్ళు కాపాడింది. దారికి అడ్డంగా ఉన్న కొమ్మని విరవబోతుంటే బాబాయ్ నా మణికట్టు గట్టిగా పట్టేశాడు. "వద్దు బాబూ, తిల్ల! పాలు కంట్లో పడితే చూపు పోద్దండి" అన్నాడు. విరిగిన ఆకు కాడ చివర తెల్లటి బొట్టు, మన జిల్లేడు పాలలాగే ఉంది. ఒంటి మీద పడ్డా పొక్కుతుందట.

తెల్ల మడ ఆకు సంగతి చెప్పాలి. ఎండలో ఆకుని వంచి చూస్తే పంచదార చల్లినట్టు సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. నాలుక మీద పెట్టుకుంటే శుద్ధ ఉప్పు! వేళ్ళు పీల్చిన నీళ్ళలోని ఉప్పుని చెట్టు ఆకుల్లో ఉన్న గ్రంథుల గుండా బయటికి తోసేస్తుంది. ఉప్పు పొన్నది వేరే పద్ధతి, వేళ్ళ దగ్గరే చాలామటుకు ఉప్పుని ఆపేస్తుంది. ఒకే బురదలో పక్కపక్కన నిలబడి రెండు చెట్లు రెండు రకాలుగా బతుకుతున్నాయిరా. నేను డిగ్రీలో ఇవన్నీ చదివాను, మార్కులూ వచ్చాయి. కానీ నాలిక్కి ఉప్పు తగిలినప్పుడే నిజంగా తెలిసింది.

పని మాత్రం మామూలు పని కాదు. పది మీటర్లకు పది మీటర్ల చదరం తాడుతో కట్టి, అందులో ప్రతి చెట్టు చుట్టుకొలతా టేపుతో కొలవాలి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలవాలన్నది నియమం. ఉప్పు పొన్నకైతే ఊతవేళ్ళన్నిటికంటే పైకి వెళ్ళి కొలవాలి. తర్వాత ఒక మీటరు చట్రం వేసి బురదలోంచి పెన్సిళ్ళలా నిక్కబొడుచుకున్న శ్వాసవేళ్ళని ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, మళ్ళీ మొదటికి! మోకాళ్ళ దాకా బురద, మొహం చుట్టూ దోమలు.

పోయిన అమావాస్య మర్నాడు అసలు కథ జరిగింది. పొద్దున పోటుతో లోపలికి వెళ్ళాం, పదకొండున్నరకల్లా బయల్దేరాలని బాబాయ్ ముందే చెప్పాడు. ఒక్క చదరం మిగిలింది, అది ముగించేద్దామని నేనే పట్టుబట్టాను. పన్నెండున్నరకి వచ్చి చూస్తే కాలువలో నీళ్ళు జారిపోతున్నాయి. అమావాస్య పాటు అంత జోరుగా ఉంటుందని నాకేం తెలుసు! నాలుగు మలుపులు తిరిగామో లేదో పడవ అడుగు బురదకి తగిలి ఆగిపోయింది. గెడతో తోశాం, దిగి తోశాం, కదల్లేదు. "ఆయ్, ఇంక సాయంత్రం దాకా ఇక్కడే" అని బాబాయ్ తలపాగా విప్పి మొహం తుడుచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా బాధనిపించింది. ఆరుగురికి రెండు సీసాల మంచినీళ్ళు, నాలుగు వేరుశెనగ ఉండలు ఉన్నాయి. బయటికి చెప్పలేదు గానీ లోపల టెన్షన్‌గానే ఉంది.

కానీ మామా, ఆ అయిదారు గంటలూ నేను ఈ నెల మొత్తంలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ చూశాను. మేం కదలడం మానేసిన పావుగంటకి బురద కదలడం మొదలైంది. చిన్న పీతలు వందలుగా కన్నాల్లోంచి పైకొచ్చాయి. మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటితో సమానంగా ఉంటుంది. దాన్ని ఎత్తి దించి, ఎత్తి దించి ఆడ పీతల్ని పిలుస్తాయి. చేతికందే దూరంలో ఒక మడ్‌స్కిప్పర్, నా చూపుడువేలంత చేప, నీళ్ళు లేని బురద మీద రెక్కలు ఆనించి చిన్నగా పాకుతోంది. నెత్తిమీద బొడిపెల్లాంటి కళ్ళు. కాసేపటికోసారి ఒక కంటిని లోపలికి గుంజుకుని తడి చేసుకుని మళ్ళీ పైకి తెస్తుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో కూడా గాలి పీల్చుకోగలదు. ఒడ్డు వాలులో పిల్లి అడుగుజాడలు కూడా కనబడ్డాయి. బావురు పిల్లివని బాబాయ్ చెప్పాడు. నీళ్ళలో చేపలు పట్టుకుని బతికే పిల్లి అది, వేళ్ళ మధ్య కొంచెం పొర ఉంటుంది, గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. దాన్ని మేమింకా కళ్ళారా చూడలేదు. అడుగుజాడని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి తెచ్చాం, ఇప్పుడు నేను రాస్తున్న బల్ల మీదే ఉంది.

ఎండ తగ్గాక బాబాయ్ 1996 తుపాను గురించి చెప్పాడు. నవంబరు 6 రాత్రి. పడవల్ని ఈ సన్న పాయల్లోకి తెచ్చి మడచెట్లకి కట్టుకున్నవాళ్ళు బతికారన్నాడు. సముద్రం మీద వేటలో ఉన్నవాళ్ళూ, రొయ్యపిల్లలు పట్టడానికి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్ళూ చాలామంది తిరిగి రాలేదు. చెబుతూ చెబుతూ ఆపేసి చాలాసేపు గెడ చివర చూస్తూ ఉండిపోయాడు. మేమెవరం ఏమీ అడగలేదు. అంతకుముందు ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు, తెలుసా? ఇక్కణ్ణించే ఓడలెక్కి మనవాళ్ళు రంగూన్ వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళని కొరంగీలు అనేది ఈ ఊరి పేరు మీదే. 1839 నవంబరు తుపాను ఉప్పెన ఆ రేవుని దెబ్బతీసింది.

చీకటి పడ్డాక పడవ కింద నీళ్ళ చప్పుడు వినబడింది. ముందు చిన్నగా, తర్వాత గలగలమని. ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకి వస్తా. "ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందిరా" అన్నావు కదా. మా నాన్న కూడా అదే అడుగుతున్నాడు, బ్యాంకు కోచింగులో చేరమంటున్నాడు. మొన్న మాస్టారు మమ్మల్ని చచ్చిపోయిన మడ నేల ఒకటి చూపించడానికి తీసుకెళ్ళారు. ఒకప్పుడు అక్కడ కలప కోసం చెట్లన్నీ ఒకేసారి నరికేశారు. నీడ పోయి ఎండకి నేల కుంగింది, కుంగిన చోట పోటు నీళ్ళు నిలిచిపోయి ఆవిరై ఉప్పు పేరుకుంది. నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక్క చుక్క వేసి వెలుగుకేసి చూశాను. సముద్రపు నీళ్ళకి లీటరుకి 35 గ్రాముల దగ్గర ఉండాల్సిన గీత దాన్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. అలాంటి చోట వెయ్యి మొక్కలు నాటినా ఒక్కటీ బతకదు.

దాని పక్కనే ఇంకో నేల. 1990ల చివర్లో స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళూ, అటవీశాఖా, ఊళ్ళవాళ్ళూ కలిసి ఈ అడవిలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వే పని మొదలుపెట్టారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు లోపలికి వస్తుంది, పాటు ఉప్పుని కడిగి తీసుకుపోతుంది. ఆ గట్ల మీద ఇప్పుడు నా తల మీంచి పోయేంత మడచెట్లున్నాయి. నీళ్ళకి దారి ఇచ్చారు, అంతే! నేను అక్కడ నిలబడి చాలాసేపు మాట్లాడలేకపోయాను. నా ప్రాజెక్టు ఈ కాలువల మీదే చేస్తానని మాస్టారికి చెప్పేశా. ఏ పిల్ల కాలువ పూడిపోయింది, దాని చివర ఉప్పు ఎంత పెరిగింది, అక్కడ చెట్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ మ్యాపు గీయాలి. జీతం సంగతి నాకు తెలీదురా. ఈ పని చేయాలని మాత్రం గట్టిగా ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వోసారి ఆయనతో మాట్లాడు. నీ మాటంటే ఆయనకి గురి.

ఆదివారాలు కాకినాడ పక్క కుంభాభిషేకం బురద మేటల దగ్గర పక్షుల్ని లెక్కపెడతాం. ఇండియన్ స్కిమ్మర్లు చలికాలం ఇక్కడికొస్తాయి. కింది ముక్కు పై ముక్కుకంటే పొడుగు, దాన్ని నీళ్ళలో నాగలిలా దించి ఎగురుతూ చేపలు పడతాయి. నీకు కెమెరా ఉంది కదా, దీనికోసమైనా రా.

వంట చేసే పిన్ని పండక్కి ఇంటి నుంచి అరిసెలు తెచ్చింది. రోజూ చేపల పులుసే. మర్నాటికి ఇంకా బావుంటుంది కాబట్టి కొంచెం దాచమని రోజూ బతిమాలుతున్నాం. నాన్‌వెజ్ తిననివాళ్ళకి విడిగా పప్పుచారు పెడుతుంది, నీకేం ఇబ్బంది ఉండదు.

వచ్చే నెల హోప్ ఐలాండ్ మీద రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం నడక ఉంది. ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెట్టి ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. అటవీశాఖ వాళ్ళు వాటిని తీసి హేచరీలో పెడతారు. అతిథుల్ని రానిస్తారేమో మాస్టారిని అడిగి చెబుతా. వచ్చేటప్పుడు నీ పాత క్రికెట్ బూట్లు తీసుకురా, లేసులు గట్టిగా ఉన్నవి. చెప్పులు బురద లాగేసుకుంటుంది. ఓడోమాస్ రెండు ట్యూబులు, మా అమ్మ పట్టిన ఆవకాయ ఒక సీసా కూడా.

రెండు కావస్తోంది, గట్టు మీద తడి గీత దగ్గరికి నీళ్ళొచ్చేశాయి. బాబాయ్ ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నాడు. ఇవాళ మూడో నంబరు పిల్ల కాలువ చివరిదాకా వెళ్ళాలి.

నీ
పాత రూమ్మేటు