బోరు వేయిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికాలో ఒక పల్లెకు మంచినీటి బోర్లు వేయిస్తున్న చిన్న స్వచ్ఛంద సంస్థకు మా కాలనీవాళ్లం ఏటా చందా పంపుతున్నాం. 1970లలో మన దేశంలోనే రూపుదిద్దుకున్న ఇండియా మార్క్-2 చేతిపంపు నేడు ఆఫ్రికాలో అనేక ఊళ్లకు నీళ్లిస్తోంది. అయితే లోపలి వాషరు అరిగితే ఎంత కొట్టినా చుక్క రాదు. పైపులన్నీ పైకి లాగి దాన్ని మార్చే మనిషి ఊళ్లో లేకపోతే ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తుకుని చెలమల దారి పట్టాల్సిందే. నల్లగొండ జిల్లాలోని మా ఊరి బోరింగు ఒక వేసవంతా ఇలాగే మూలనపడటం చిన్నప్పుడు చూశాను. కనుక దాతలు శిలాఫలకాల మోజు (మనవాళ్లకు అది కాస్త ఎక్కువే) తగ్గించుకుని మరమ్మతుల నిధికీ, స్థానిక యువకులకు ఆ పని నేర్పడానికీ డబ్బివ్వాలని, పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడు భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఎక్కువగా ఉండే తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలోనైతే (కెన్యా, ఇథియోపియా వంటి దేశాల మీదుగా సాగే పొడవైన లోయ) ముందుగా నీటిలో ఫ్లోరైడు పరీక్ష చేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్