సింథటిక్ బ్రష్‌కి నురగ నిలవదన్న మాట నిజం కాదు

సంపాదకులకు నమస్కారం.

షేవింగ్ బ్రష్‌ల గురించి పత్రికల్లో ఎప్పుడు రాసినా రెండు మాటలు జంటగా వస్తాయి. జంతువు వెంట్రుకలతో చేసిందే అసలు బ్రష్ అనేది ఒకటి, సింథటిక్ బ్రష్‌కి నురగ నిలవదు అనేది రెండోది. మొదటిది ఎవరి ఇష్టం వారిది. రెండోది మాత్రం నిజం కాదు. ఆ మాట నమ్మి చాలామంది మంచి బ్రష్‌ని మూలన పడేస్తున్నారు. సింథటిక్ బ్రష్‌తో నురగ పలచబడి మెడ మీదికి కారిపోతోందంటే కారణం చాలాసార్లు ఒక్కటే. జంతువు వెంట్రుకల బ్రష్‌కి ఎంత నీరు పట్టిస్తారో దీనికీ అంతే పట్టిస్తున్నారు. వినియోగదారుల పేజీల్లో రాసేవారు ఈ సంగతి చెప్పడం లేదనే ఈ ఉత్తరం.

జంతువు వెంట్రుక కెరటిన్‌తో తయారైంది. మన జుట్టూ గోళ్లూ అదే. కెరటిన్ తన బరువులో ఇంచుమించు 30 శాతం దాకా నీటిని లోపలికి పీల్చుకోగలదు. పీల్చుకున్నకొద్దీ లావెక్కి మెత్తబడుతుంది. ఇప్పటి మంచి సింథటిక్ పోగు ఎక్కువగా పీబీటీ అనే పాలియెస్టర్ రకం. దాన్ని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టినా పీల్చేది 0.1 శాతం లోపే. ఇక ఆ పోగుల కుచ్చులో నీరు ఎక్కడ నిలుస్తుందంటే, పోగుకీ పోగుకీ మధ్య ఉన్న సందుల్లో. బ్యాడ్జర్ (బొరియల్లో ఉండే ఒక అడవి జంతువు), పంది వెంట్రుకల కుచ్చు సందుల్లోనూ నీరు పట్టుకుంటుంది, వెంట్రుక లోపలా దాచుకుంటుంది. అందుకే నెమ్మదిగా వదులుతుంది, షేవింగ్ అయ్యేదాకా నురగకి చెమ్మ అందుతూ ఉంటుంది. సింథటిక్ కుచ్చు దాచుకునేది ఏమీ లేదు. సబ్బుకి తగలగానే ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా దించేస్తుంది. పద్ధతి తెలిస్తే దీన్ని లోపం అనక్కర్లేదు. అది సబ్బునీ దాచుకోదు కాబట్టి తక్కువ సబ్బుతోనే ముఖమంతా సరిపోతుంది.

సింథటిక్‌కి చెడ్డపేరు ఊరికే రాలేదు. నైలాన్ పోగుల టూత్‌బ్రష్ 1938లో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత అదే తరహా పోగులు షేవింగ్ బ్రష్‌లకీ ఎక్కాయి. మొదలు నుంచి కొస దాకా ఒకే మందం, కొస కత్తెరతో కోసినట్టు మొండిగా ఉండేది. చర్మానికి గుచ్చుకునేది, నీటిని పట్టేది కాదు. చవక బ్రష్‌లలో ఇప్పటికీ అలాంటి పోగులు వస్తున్నాయి. మంచి రకాల్లో పోగు కొసని రసాయనంలో ముంచి సూదిగా సన్నబడేలా చేస్తారు. కొన్నిటిలో పోగుని సన్నటి అలల్లా ముడతలు పెడతారు, సందులు పెరిగి నీరు ఎక్కువ నిలవాలని. తేడా కంటితోనే తెలుస్తుంది. ఊడిన పోగు ఒకటి తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. నాసిరకం పోగు కొస చదునుగా ఉంటుంది. మంచి పోగు కొస వెలుతురులో దాదాపు మాయమైపోయేంత సన్నగా ఉంటుంది. బాగా వాడిన పంది వెంట్రుకైతే కొస దగ్గర రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది.

ఇక సింథటిక్ బ్రష్ వాడే పద్ధతి. దీన్ని నానబెట్టనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో ఐదారు సెకన్లు ముంచి తీసి, రెండు మూడుసార్లు గట్టిగా విదిలించండి. కొసలు తడిగా ఉండాలి, నీరు మాత్రం కారకూడదు. క్రీం అయితే బాదం గింజంత, అంటే గ్రాము ఉంటే చాలు. సబ్బు బిళ్ల అయితే దాని మీద 15, 20 సెకన్లు తేలిగ్గా తిప్పండి. గట్టిగా అదమొద్దు. ఈ పోగులు స్ప్రింగులా ఎగిరి సబ్బుని చుట్టూ చిమ్ముతాయి. మొదట వచ్చేది పేస్టులా ముద్దగా ఉంటుంది. అక్కడే చాలామంది నురగ రాలేదని బ్రష్ మొత్తం నీళ్లలో ముంచేస్తారు, అంతా పాడయ్యేది అప్పుడే. ముంచకండి. కొసలు మాత్రమే నీటికి తాకించి, అరటీస్పూను నీరు మించకుండా తీసుకుని మళ్లీ తిప్పండి. అలా మూడు నాలుగు దఫాలుగా నీరు చేరుస్తూ పోతే ముద్ద కాస్తా తేలికై మెరుపు వస్తుంది. బ్రష్ పైకెత్తితే నురగ కొస చిలకముక్కులా వంగి నిలవాలి, బుడగలు కంటికి విడిగా కనిపించకూడదు. పెద్ద బుడగలు కనిపిస్తే నీరు ఎక్కువైందన్నమాట, ఇంకాస్త సబ్బు పట్టించాలి. ముఖం మీద రాశాక నిమిషంలోనే అంచులు పొడిబారి తెల్లగా అట్టకడితే నీరు చాలలేదన్నమాట. కొందరికి ఈ రెండోదీ ఎదురవుతుంది, ఎందుకంటే మెరుపు రాకముందే తిప్పడం ఆపేస్తారు. మొదట గుండ్రంగా తిప్పి, చివర్లో గోడకి రంగు వేసినట్టు అటూ ఇటూ తుడవండి. బాగా మెత్తని సింథటిక్ కుచ్చుని అదిమితే మధ్యలో విచ్చుకుని నురగంతా అంచులకి పోతుంది, మధ్యలో గుంట మిగులుతుంది. బ్రష్ పాడైందని అనుకోవద్దు, చేతి బరువు తగ్గిస్తే చాలు.

పంది వెంట్రుకల బ్రష్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది మందంగా, గట్టిగా ఉంటుంది, నీటిని బాగా తాగుతుంది. పొడిగా ఉండగానే సబ్బు మీద పెడితే నురగలో ఉన్న నీటిని కూడా తానే లాగేసుకుంటుంది. ముఖం మీద రాసిన నురగ చూస్తుండగానే మాయమైపోయిందని ఫిర్యాదు చేసేది ఇలాంటివారే. గోరువెచ్చని నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు నానాలి. కొత్తది 15, 20 షేవింగుల దాకా గుచ్చుతూనే ఉంటుంది. తడిసి ఆరి, తడిసి ఆరి కొసలు చీలినకొద్దీ మెత్తబడుతుంది. తొందరగా దారికి రావాలంటే రోజూ ఒకసారి అరచేతిలో నురగ చేసి, ఒక గంట అలా ఉంచి, కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వారం పది రోజులు ఇలా చేస్తే కొత్తలో తడిసినప్పుడు వచ్చే జంతువు వాసన కూడా చాలావరకు పోతుంది. ఒక్కసారి దారికొచ్చిందంటే గట్టి సబ్బు బిళ్లని లాగడంలో దాన్ని మించింది లేదు. ఈ విషయంలో నాకు పంది వెంట్రుకే ఎక్కువ.

బ్యాడ్జర్ వెంట్రుక అంతకన్నా సన్నం. రెండు మూడు నిమిషాల నానుడు చాలు. ఇక్కడ కొనేవారు మోసపోయేది పేర్ల దగ్గర. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని నాణ్యత పెరిగే వరుసలో రాస్తారు గానీ వీటికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక తయారీదారు బెస్ట్ అన్నది మరొకరి ప్యూర్ కన్నా గరుకుగా ఉండవచ్చు. గుర్రం వెంట్రుక ఈ రెండిటికీ మధ్యరకం. జూలు మెత్తన, తోక గట్టి, రెండూ కలిపి కడతారు. జంతువుని చంపకుండా కత్తిరించి తీసుకునే వీలుంది. చిక్కుపడే గుణం మాత్రం ఉంది.

పిడి అందం చూసి కొనేవారు రెండు అంకెలు వదిలేస్తారు. మొదటిది పిడిలో దిగే చోట కుచ్చు వ్యాసం. ముఖానికి 22 నుంచి 26 మిల్లీమీటర్లు సుఖంగా ఉంటుంది. రెండోది పిడి పైఅంచు నుంచి కొస దాకా ఉన్న పొడవు. బ్యాడ్జర్, సింథటిక్ రకాల్లో ఇది సుమారు 50 మిల్లీమీటర్లు, పంది వెంట్రుకకి 55 దాటినా పరవాలేదు. అదే వ్యాసానికి పొడవు తగ్గితే బ్రష్ బిగుసుగా ఉంటుంది, పెరిగితే వాలిపోతుంది. నచ్చని బ్రష్‌లో చాలాసార్లు తప్పు వెంట్రుకది కాదు, ఈ లెక్కది.

వెంట్రుకలు ఊడటం గురించి కూడా చెప్పాలి. కొత్త బ్రష్ మొదటి పది షేవింగులలో కొన్ని రాలుస్తుంది, భయపడనక్కర్లేదు. ఆ తర్వాతా రాలుతుంటే రాలినదాన్ని పట్టుకుని చూడండి. పూర్తి పొడవుతో, మొదట్లో జిగురు అంటుకుని ఉంటే కుచ్చు అతుకు వదులుతోంది. పొట్టి ముక్కగా ఉంటే మధ్యలో విరిగింది, అంటే మరీ అదుముతున్నారు, లేదా పిండేటప్పుడు మెలిపెడుతున్నారు. అతుకు వదలడానికి మరుగుతున్న నీళ్లు పెద్ద కారణం. కెరటిన్‌కీ జిగురుకీ రెండిటికీ అది చేటు. చేతికి ఓర్చుకోగలిగినంత వేడి మించొద్దు. సింథటిక్ కూడా వేడిగా ఉన్నప్పుడు వంచి డబ్బాలో కుక్కితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

ఉప్పునీళ్లు వాడేచోట మరో బాధ. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని జిడ్డుగా మారి కుచ్చు మొదట్లో పేరుకుంటాయి. ఆరాక మొదళ్లు విడదీసి చూస్తే తెల్లటి పొర కనిపిస్తుంది. అది ముదిరితే బ్రష్ బిగుసుకుపోతుంది, నురగ తగ్గుతుంది, వెంట్రుకలు మొదట్లో తెగుతాయి. పావు లీటరు గోరువెచ్చని నీటిలో ఒక టేబుల్ స్పూను తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు మాత్రమే 5 నిమిషాలు ముంచి, తర్వాత మామూలు షాంపూతో కడిగితే పోతుంది. ఉప్పునీళ్లయితే నెలకోసారి, లేకపోతే రెండు మూడు నెలలకోసారి చాలు. ఇది సింథటిక్‌కీ అవసరమే. పోగు నీరు పీల్చదు గదా అని కడగడం మానేస్తే జిడ్డు దానికీ పడుతుంది.

ఆరబెట్టే దగ్గర మాత్రం సింథటిక్‌దే పైచేయి. విదిలించి టవల్‌కి తుడిస్తే కొద్ది గంటల్లో ఆరిపోతుంది. జంతువు వెంట్రుకకి దాదాపు ఒక రోజు కావాలి. రోజూ గడ్డం గీసుకునేవారు రెండు బ్రష్‌లు మార్చి మార్చి వాడటం మంచిది. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని వాదించుకుంటారు గానీ అసలు కావలసింది గాలి. తడి బ్రష్‌ని మూతపెట్టిన డబ్బాలో ఉంచితే బూజు పడుతుంది. ప్రయాణాల్లో ఉండేవారు సింథటిక్ తీసుకోవడమే మేలని అందుకే అంటాను.

జంతువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బ్యాడ్జర్ వెంట్రుక ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. 2018లో జంతుహక్కుల సంస్థ పెటా ఆసియా అక్కడి పెంపక కేంద్రాల దృశ్యాలు బయటపెట్టాక కొన్ని కంపెనీలు ఆ వెంట్రుకని వదిలేశాయి. బ్రిటన్‌లో బ్యాడ్జర్‌కి 1992 నాటి చట్టం రక్షణగా ఉంది. పంది వెంట్రుక ఒంటికి తగలడమే ఇష్టంలేనివారూ ఉంటారు. వీరందరికీ ఏ వెంట్రుకో తెలుసుకునే హక్కు ఉంది. పెట్టె మీద మాత్రం సహజమైన వెంట్రుక అని రాసి ఊరుకుంటారు. పైగా పంది, గుర్రం వెంట్రుకలకీ సింథటిక్ పోగులకీ బ్యాడ్జర్‌లా నల్లచార వేసి అమ్మడం ఉంది. అనుమానం ఉంటే ఊడిన పోగుని పట్టకారుతో పట్టుకుని నిప్పు చూపండి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే జంతువుది. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే ప్లాస్టిక్. ఏ జంతువో మాత్రం దీనితో తెలియదు, అది తయారీదారే రాయాలి. కుచ్చు వ్యాసం, పొడవు కూడా పెట్టె మీద వేయాలి.

పాత వస్తువులు సేకరించేవారికి ఒక హెచ్చరిక. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శుద్ధి చేయని గుర్రం వెంట్రుకని బ్యాడ్జర్ పేరుతో అమ్మిన బ్రష్‌ల వల్ల సైనికులకీ పౌరులకీ ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి సోకింది. ఆ క్రిమి బీజాలు దశాబ్దాలు బతుకుతాయి. ఆ కాలపు బ్రష్ దొరికితే ముఖానికి వాడకండి. కొత్త కుచ్చు వేయించుకోవాలనుకున్నా పాతదాన్ని ఇంట్లో పెరకవద్దు.

ఇకమీదట మీ పేజీల్లో ఈ రెండు రకాలనీ పక్కపక్కన పెట్టి చూపదలిస్తే, ఒకే సబ్బు వాడి, నీటి కొలత మాత్రం వేరువేరుగా పెట్టమని కోరుతున్నాను. పంది బ్రష్‌ని కనీసం 15 షేవింగులు అయ్యాకే తూకానికి పెట్టండి. సింథటిక్‌ని విదిలించి, కొసలతో నీరు అందిస్తూ చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు